లింక్డ్ లిస్ట్‌లో నల్ ఎక్కడ పుట్టింది?

ప్రోగ్రాం ఆగిపోయింది. స్క్రీన్ మీద నల్ పాయింటర్ ఎక్సెప్షన్, దాని కింద ఒక లైన్ నంబర్. చాలామంది ముందుగా చేసే పని ఆ లైన్‌కి వెళ్లి, దాని పైన ‘నల్ కాకపోతేనే’ అని ఒక ఇఫ్ పెట్టడం. ఎర్రర్ పోతుంది, టెన్షన్ తగ్గుతుంది. నాలుగు రోజుల తర్వాత లిస్ట్‌లో ఉండాల్సిన ఒక రికార్డు కనబడదు. దానికీ ఆ ఇఫ్‌కీ సంబంధం ఉందన్న అనుమానం ఎవరికీ రాదు.

నల్ అంటే దేన్నీ చూపించని ఖాళీ విలువ. లింక్డ్ లిస్ట్ అంటే ప్రతి నోడ్ తన తర్వాతి నోడ్‌ను చూపించే గొలుసు. సొంతంగా రాసుకున్న లింక్డ్ లిస్ట్‌లో నల్ తప్పులు పట్టుకోవడం ఎందుకింత కష్టమంటే, నల్‌ను వాడిన చోటు ఒకటి, నల్ పుట్టిన చోటు మరొకటి. ఎక్సెప్షన్ మొదటిదాన్నే చూపిస్తుంది. రెండూ ఒకే ఫంక్షన్‌లో ఉంటే అదృష్టమే. లింక్డ్ లిస్ట్‌లో ఆ అదృష్టం తక్కువ, ఎందుకంటే ఒక ఫంక్షన్ పాడుచేసిన గొలుసు మీద ఇంకో ఫంక్షన్ ఎప్పుడో నడుస్తుంది.

ఒక చిన్న లిస్ట్ మీద చూస్తే ఇది తేటగా తెలుస్తుంది. జావాలో రాసిన సింగ్లీ లింక్డ్ లిస్ట్ అనుకుందాం. లోపల మూడు ఫీల్డులు: మొదటి నోడ్‌ను చూపించే హెడ్, చివరి నోడ్‌ను చూపించే టెయిల్, మొత్తం ఎన్ని ఉన్నాయో చెప్పే సైజ్. ప్రతి నోడ్‌లో ఒక డేటా, ఒక నెక్స్ట్. యాడ్ చివర చేరుస్తుంది, రిమూవ్ ఇచ్చిన విలువను తీసేస్తుంది, గెట్ ఫలానా స్థానంలో ఏముందో చెబుతుంది. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో అందరూ రాసేదే.

10, 20, 30 చేర్చాం. హెడ్ 10 దగ్గర, టెయిల్ 30 దగ్గర, సైజ్ 3. ఇప్పుడు 30 ని తీసేశాం. రిమూవ్ 20 దాకా నడిచి, దాని నెక్స్ట్‌ను నల్ చేసి, సైజ్‌ను 2 చేసి తిరిగొచ్చింది. టెయిల్‌ను వెనక్కి జరపడం మాత్రం రాసినవాళ్లు మరిచిపోయారు. అది ఇంకా విడిపోయిన 30 నే పట్టుకుని ఉంది. ఈ దశలో లిస్ట్‌ను ప్రింట్ చేసి చూసినా 10, 20 అని చక్కగా వస్తుంది. ప్రింట్ హెడ్ నుంచి నడుస్తుంది, దానికి టెయిల్‌తో పనిలేదు.

తర్వాత 40 చేర్చాం. యాడ్ టెయిల్‌ను నమ్మింది. 30 నెక్స్ట్‌కి 40 ని తగిలించి, టెయిల్‌ను 40 మీదికి జరిపి, సైజ్‌ను 3 చేసింది. హెడ్ నుంచి చూస్తే గొలుసు 10, 20 తో అయిపోతుంది. 30, 40 వేరే గొలుసుగా పక్కన ఉండిపోయాయి. రైలు చివరి పెట్టెను విడదీసి పక్క లైన్లో పెట్టాక కూడా గార్డు అందులోంచి దిగకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది పరిస్థితి. గార్డు ఎక్కడుంటే అదే చివరి పెట్టె అనుకుని, కొత్తగా వచ్చిన పెట్టెను దానికే తగిలించారు.

ఆ తర్వాత ఎప్పుడో ఎవరో గెట్‌ని 2వ స్థానం (లెక్క 0 నుంచి) అడిగారు. సైజ్ 3 కాబట్టి హద్దుల తనిఖీ పాసైంది. హెడ్ నుంచి రెండడుగులు వేయాలి. మొదటి అడుగుకి 20 దగ్గరికి, రెండో అడుగుకి నల్ దగ్గరికి చేరింది. అక్కడ డేటా అడగగానే ఎక్సెప్షన్. ఎవరిని ఎవరు పిలిచారో చూపించే స్టాక్ ట్రేస్‌లో గెట్ పేరు ఉంటుంది, గెట్‌ని పిలిచిన వాళ్ల పేర్లు ఉంటాయి. రిమూవ్ పేరు ఉండదు. అది ఎప్పుడో పని ముగించుకుని వెళ్లిపోయింది. గెట్ కోడ్‌ను గంటసేపు చదివినా అందులో తప్పు దొరకదు, ఎందుకంటే అందులో తప్పు లేదు.

ఇప్పుడు ఆ గెట్‌లో ఇఫ్ పెట్టి ‘నల్ అయితే నల్‌నే తిరిగివ్వు’ అని రాస్తే ఏమవుతుంది? 40 అనే విలువ ఎవరికీ తెలియకుండా పోయింది. క్రాష్ అయినప్పుడు కనీసం ఏదో తప్పు జరిగిందని తెలిసేది. ఇప్పుడు అదీ లేదు. ప్రోగ్రాం కూలడం కన్నా తప్పుడు జవాబు ఇస్తూ నడవడం ఎక్కువ నష్టం, ముఖ్యంగా ఆ లిస్ట్‌లో ఉన్నవి ఎవరి ఆర్డర్లో, ఎవరి చెల్లింపులో అయితే.

అసలు ఈ నల్ ఎక్కడిది? 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషకు రూపకల్పన చేస్తూ కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ నల్ రెఫరెన్స్‌ను చేర్చారు. అమలు చేయడం చాలా తేలిక కాబట్టి చేర్చానని, అది తన ‘వంద కోట్ల డాలర్ల తప్పు’ అని 2009లో లండన్‌లో జరిగిన క్యూకాన్ సదస్సులో ఆయనే అన్నారు. లింక్డ్ లిస్ట్ అంతకు దాదాపు పదేళ్ల ముందుది. 1950ల మధ్యలో ర్యాండ్ కార్పొరేషన్‌లో అలెన్ న్యూవెల్, క్లిఫ్ షా, హెర్బర్ట్ సైమన్ తమ ఐపీఎల్ (ఇన్ఫర్మేషన్ ప్రాసెసింగ్ లాంగ్వేజ్) భాష కోసం దాన్ని తయారుచేశారు. గొలుసు ఎక్కడో ఒకచోట ముగియాలి కాబట్టి ముగింపు గుర్తు అన్నది లిస్ట్‌కి ఎలాగూ తప్పదు. ఇబ్బందల్లా ఒకే నల్‌కి నాలుగు అర్థాలు అంటగట్టడంతో వస్తుంది. గొలుసు అయిపోయింది అన్నా నల్ అంటారు. లిస్ట్ ఖాళీగా ఉంది అన్నా నల్. వెతికింది దొరకలేదు అన్నా నల్. ఈ ఫీల్డ్‌లో ఇంకా ఏమీ పెట్టలేదు అన్నా నల్. ఆగిపోయిన ప్రోగ్రాం ముందు కూర్చున్నప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ‘ఇది ఈ నాలుగింటిలో ఏ నల్?’ అన్నదే.

దానికి జవాబు చాలాసార్లు ఎర్రర్ మెసేజ్‌లోనే ఉంటుంది. ఒకప్పుడు జావా లైన్ నంబర్ మాత్రమే చెప్పేది. ఒకే లైన్లో మూడు చుక్కలు ఉంటే ఏ చుక్క దగ్గర తెగిందో ఊహించుకోవాల్సి వచ్చేది. 2020లో వచ్చిన జావా వెర్షన్ జేడీకే 14లో వివరమైన మెసేజ్ ఒక ఆప్షన్‌గా వచ్చింది, 15 నుంచి మామూలుగానే వస్తోంది. ‘కరెంట్’ నల్ కాబట్టి ‘డేటా’ అనే ఫీల్డ్‌ను చదవలేను అని అది విడమరిచి చెబుతుంది. కంపైల్ చేసేటప్పుడు డీబగ్ సమాచారం చేర్చకపోతే మాత్రం లోకల్ వేరియబుల్ అసలు పేరుకి బదులు ‘లోకల్4’ లాంటి పేరు కనిపిస్తుంది. కాబట్టి జావా కంపైలర్ జావాసీకి ‘-జి’ ఆప్షన్ ఇవ్వడం మంచిది.

నల్ అని మెసేజ్ దేన్ని చెబుతోందో అదే దారి చూపిస్తుంది. ‘దిస్.హెడ్’ నల్ అంటే లిస్ట్ ఖాళీగా ఉన్నప్పుడు ఎవరో నేరుగా హెడ్ లోపలికి చేయి పెట్టారు. ఖాళీ లిస్ట్ సంగతి ఆలోచించని ఫంక్షన్ అది. అలా కాకుండా సైజ్ సున్నా కానప్పుడు హెడ్ నల్ అయితే విషయం ఇంకా లోతైనది, యాడ్ లేదా రిమూవ్‌లో హెడ్‌కీ సైజ్‌కీ పొత్తు కుదరలేదు. ‘కరెంట్.నెక్స్ట్’ నల్ అంటే, తర్వాతి నోడ్‌ను తొంగిచూస్తూ నడిచే లూప్ చివరి నోడ్ దగ్గర ఆగలేదు. లేని విలువను తీసేయమని అడిగినప్పుడు రిమూవ్‌లో తరచూ వచ్చేది ఇదే. ఇక ‘కరెంట్’ నల్ అంటే లూప్ గొలుసు దాటి బయటికి నడిచింది. దానికి కారణం లూప్ షరతులో ఉండొచ్చు, లేదా పై ఉదాహరణలోలాగా సైజ్ చెప్పిన అబద్ధంలో ఉండొచ్చు.

లూప్ షరతులో తప్పంటే ఎక్కువగా వరుస తప్పే. ‘కరెంట్ డేటా ఇది కాదు, ఇంకా కరెంట్ నల్ కాదు’ అని రాస్తే రెండో తనిఖీ వచ్చేలోపే మొదటిది కూలుతుంది. ‘ఇంకా’ అన్న అర్థంలో రాసే రెండు యాంపర్‌శాండ్లు (&&) ఎడమ నుంచి కుడికి, అవసరమైనంత వరకే పనిచేస్తాయి. నల్ తనిఖీ ఎడమవైపు ఉండాలి. గొలుసులో చక్రం ఉందో లేదో చూసే తాబేలు, కుందేలు పద్ధతిలో (తాబేలు ఒక్కో అడుగు, కుందేలు రెండేసి అడుగులు వేస్తాయి) కూడా కుందేలు నల్ కాదని ముందు, దాని నెక్స్ట్ నల్ కాదని తర్వాత చూడాలి. తారుమారైతే సరి సంఖ్యలో నోడ్లున్న లిస్టుల్లో కూలుతుంది, బేసి సంఖ్యలో ఉన్నవాటిలో బాగానే నడుస్తుంది. అందుకే కొందరికి ఇది మిస్టరీలా అనిపిస్తుంది.

సీ భాషలో ఇంత వివరమైన మెసేజ్ ఉండదు. ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అన్న రెండు మాటలు, షెల్ అడిగితే 139 అనే ఎగ్జిట్ కోడ్. 128కి సిగ్నల్ నంబర్ 11 కలిపితే 139. అయితే లినక్స్ కెర్నల్ తన లాగ్‌లో ఇంకొంచెం రాసిపెడుతుంది, డీమెసేజ్ కమాండ్‌తో అది చూడొచ్చు. అక్కడ ‘సెగ్‌ఫాల్ట్ ఎట్ 8, ఎర్రర్ 4’ లాంటి లైన్ ఉంటే అది చాలా చెబుతోంది. నోడ్‌లో ముందు ఒక ఇంట్, తర్వాత నెక్స్ట్ పాయింటర్ ఉన్నాయనుకుంటే, 64 బిట్ మెషీన్‌లో ఇంట్ 4 బైట్లు, ఖాళీగా వదిలిన 4 బైట్లు పోగా నెక్స్ట్ 8వ బైట్ దగ్గర మొదలవుతుంది. నల్ పాయింటర్ నుంచి నెక్స్ట్ అడిగితే సీపీయూ వెళ్లేది 0 కి కాదు, 8 కి. కాబట్టి 0 దగ్గర కూలితే డేటా కోసం, 8 దగ్గర కూలితే నెక్స్ట్ కోసం వెళ్లినట్టు. ఎక్స్86లో ఎర్రర్ 4 అంటే చదవబోయింది, 6 అంటే రాయబోయింది. ‘8 దగ్గర, ఎర్రర్ 6’ అని కనిపిస్తే, ఎవరో నల్ అయిన టెయిల్‌కి కొత్త నోడ్‌ను తగిలించబోయారని డీబగ్గర్ తెరవకముందే అనుమానించవచ్చు.

అడ్రస్ చిన్న సంఖ్య కాకపోతే అది నల్ కథే కాకపోవచ్చు. సీలో మెమరీ అడిగే ఫంక్షన్ మాలాక్. అది ఇచ్చే మెమరీ సున్నాలతో ఉంటుందన్న హామీ లేదు. కొత్త నోడ్‌లో నెక్స్ట్‌ను నల్ చేయడం మరిచిపోతే, తాజా పేజీలో అది యాదృచ్ఛికంగా సున్నాయే అయి ప్రోగ్రాం నడిచిపోతుంది. వాడేసి వదిలిన మెమరీ మళ్లీ చేతికొచ్చిన రోజున పాత చెత్త బయటపడుతుంది. ‘నా సిస్టంలో బాగానే నడిచింది’ అన్న మాట వెనుక తరచూ ఉండేది ఇదే. విజువల్ స్టూడియో డీబగ్ మోడ్‌లో ఇలాంటి మెమరీని గుర్తుపట్టేలా నింపుతుంది: పాయింటర్‌లో సీడీసీడీసీడీసీడీ అని కనబడితే విలువ పెట్టని హీప్ మెమరీ, డీడీడీడీడీడీడీడీ అని కనబడితే ఫ్రీ చేసేసిన (అంటే తిరిగిచ్చేసిన) మెమరీ.

పైన చెప్పిన టెయిల్ తప్పునే సీలో చేస్తే ఫలితం ఇంకా ఘోరం. అక్కడ రిమూవ్ 30 ని ఫ్రీ కూడా చేస్తుంది. టెయిల్ నల్ కాదు, కాబట్టి ఏ నల్ తనిఖీ దాన్ని పట్టుకోదు. యాడ్ వెళ్లి ఫ్రీ అయిన మెమరీలో రాస్తుంది. అది అప్పుడే కూలొచ్చు, సంబంధం లేని ఇంకో మాలాక్ దగ్గర కూలొచ్చు, అసలు కూలకపోవచ్చు. జీసీసీ కంపైలర్‌లో గానీ క్లాంగ్ కంపైలర్‌లో గానీ అడ్రస్‌శానిటైజర్ ఆప్షన్‌తో కంపైల్ చేయడం దీనికి మందు. తప్పు జరిగిన క్షణంలోనే ఆపి, మూడు స్టాక్ ట్రేస్‌లు ఇస్తుంది: ఈ మెమరీని ఇప్పుడు ఎవరు తాకారు, అంతకుముందు ఎవరు ఫ్రీ చేశారు, మొదట ఎవరు తీసుకున్నారు. రెండో ట్రేస్‌లో రిమూవ్ పేరు కనిపిస్తుంది. మళ్లీ కంపైల్ చేసే వీలు లేకపోతే వాల్‌గ్రిండ్ అనే సాధనం ఇదే పని నెమ్మదిగా చేస్తుంది. లిస్ట్ మొత్తాన్ని ఖాళీ చేసే ఫంక్షన్‌లో నోడ్‌ను ఫ్రీ చేశాక దాని నెక్స్ట్ అడగడం అనే పాత తప్పు కూడా ఈ సాధనాల ముందు ఒక్క నిమిషం దాగదు. నెక్స్ట్‌ను ముందే ఒక పక్కన పెట్టుకుని తర్వాత ఫ్రీ చేయాలి. లినక్స్ కెర్నల్‌లో లిస్ట్ మీద నడిచే మ్యాక్రోలకు ‘సేఫ్’ అనే రకం విడిగా ఉన్నది ఇందుకే.

ఇఫ్ పెట్టాం కదా, భద్రమే అనుకోవడం సీలో ఇంకో విధంగానూ ప్రమాదం. 2009లో లినక్స్ 2.6.30 కెర్నల్‌లోని టన్ అనే వర్చువల్ నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఒక లోపం బయటపడింది. ఆ ఫంక్షన్ మొదట పాయింటర్ లోపలి ఫీల్డ్‌ను చదివేసి, ఆ తర్వాత పాయింటర్ నల్‌గా ఉందా అని చూసేది. ముందే చదివావు కాబట్టి అది నల్ అయ్యే వీలే లేదని కంపైలర్ లెక్కగట్టి, ఆ తనిఖీనే తీసేసింది. సీ ప్రమాణం ప్రకారం కంపైలర్‌ది తప్పు కాదు. సోర్స్‌లో ఇఫ్ కనిపిస్తోంది, తయారైన ప్రోగ్రాంలో లేదు. దాన్ని పట్టుకుని సిస్టం మీద పూర్తి అధికారం సంపాదించవచ్చని చూపించారు. ఆ తర్వాత కెర్నల్‌ను కంపైల్ చేసేటప్పుడు నల్ తనిఖీలను తొలగించవద్దనే ఆప్షన్ చేర్చారు.

నల్ తనిఖీలే వద్దని దీని అర్థం కాదు. బయటి నుంచి వచ్చే డేటాకి తనిఖీ ఉండి తీరాలి. 2025 జూన్ 12న గూగుల్ క్లౌడ్ సేవలు ప్రపంచమంతటా గంటల తరబడి దెబ్బతిన్నాయి. ఖాళీ ఫీల్డులున్న ఒక పాలసీ డేటా లోపలికి వచ్చిందని, దాన్ని చదివిన కోడ్ నల్ పాయింటర్ తగిలి పదే పదే కూలిందని ఆ కంపెనీయే తన నివేదికలో రాసింది. అక్కడ తనిఖీ లేకపోవడమే తప్పు. తేడా ఏమిటంటే, బయటి నుంచి ఏమొస్తుందో మన చేతుల్లో లేదు. లిస్ట్ లోపలి నెక్స్ట్, టెయిల్ పూర్తిగా మన చేతుల్లో ఉన్నవి. వాటిలో రాకూడని నల్ వచ్చిందంటే మన కోడ్‌లోనే ఎవరో మాట తప్పారు. అక్కడ ఇఫ్ పెడితే ఆ మాట తప్పినవాళ్లను కాపాడినట్టవుతుంది.

మరి పుట్టిన చోటు ఎలా పట్టుకోవాలి? డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ అందరికీ తెలుసు, వాచ్‌పాయింట్‌ను చాలామంది వాడరు. బ్రేక్‌పాయింట్ ఒక లైన్ దగ్గర ఆగుతుంది. వాచ్‌పాయింట్ ఒక ఫీల్డ్ మారినప్పుడల్లా, మార్చింది ఏ లైనైనా సరే, ఆగుతుంది. జీడీబీ డీబగ్గర్‌లో వాచ్ అని టెయిల్ పేరు ఇస్తే చాలు. ఎక్స్86 సీపీయూలో దీనికోసమే నాలుగు డీబగ్ రిజిస్టర్లు ఉన్నాయి, కాబట్టి నాలుగు చోట్ల వరకు వేగం తగ్గకుండా కాపలా కాయొచ్చు. జావా కోడ్ రాసే ఇంటెలిజే, ఎక్లిప్స్ ఎడిటర్లలో ఫీల్డ్ మీదే బ్రేక్‌పాయింట్ పెడితే జావాలో ఇదే పని జరుగుతుంది. లినక్స్ మీద సీ రాసేవాళ్లకు మొజిల్లాలో మొదలైన ఆర్‌ఆర్ అనే సాధనం ఇంకా అక్కరకొస్తుంది. ప్రోగ్రాం నడకను మొత్తం రికార్డు చేసి, కూలిన చోటి నుంచి వెనక్కి నడిపిస్తుంది. నల్‌గా కనబడిన ఫీల్డ్ మీద వాచ్‌పాయింట్ పెట్టి వెనక్కి పొమ్మంటే, ఆ నల్‌ను రాసిన లైన్ దగ్గర వచ్చి ఆగుతుంది. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

మన ఉదాహరణలో ఒక చిక్కుంది. టెయిల్ మారాల్సిన చోట మారలేదు. మారని దాన్ని ఏ వాచ్‌పాయింటూ చూపించలేదు. ఇలాంటివాటికి లిస్ట్ తన మీద తాను పెట్టుకునే తనిఖీ కావాలి. ఒక ఫంక్షన్ రాసి, అందులో మూడు మాటలు పరీక్షించాలి. సైజ్ సున్నా అయితే హెడ్, టెయిల్ రెండూ నల్, కాకపోతే రెండూ నల్ కావు. టెయిల్ నెక్స్ట్ ఎప్పుడూ నల్. హెడ్ నుంచి సైజ్ కన్నా ఒకటి తక్కువ అడుగులు వేస్తే సరిగ్గా టెయిల్ మీదికే చేరాలి. అడుగులు లెక్కపెట్టి వేస్తాం కాబట్టి గొలుసులో చక్రం పడినా ఇది అంతులేకుండా తిరగదు. యాడ్, రిమూవ్ చివర దీన్ని అసర్ట్‌గా (నిజం కాకపోతే ప్రోగ్రాంను ఆపే తనిఖీగా) పిలవాలి. జావాలో అసర్ట్‌లు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, ‘-ఈఏ’ ఇచ్చి నడిపితేనే పనిచేస్తాయి. ఈ తనిఖీ ఉంటే 30 ని తీసేసిన ఆ రిమూవ్‌లోనే ప్రోగ్రాం ఆగేది. అప్పటికి 40 చేర్చలేదు, గెట్‌ని ఎవరూ అడగలేదు.

ఆ తనిఖీకి పని కల్పించాలంటే చేత్తో రాసిన నాలుగు టెస్టులు సరిపోవు. సొంత లిస్ట్ పక్కన జావా అర్రేలిస్ట్‌ను పెట్టి, రెండింటి మీదా ఒకే వరుసలో ర్యాండమ్‌గా యాడ్, రిమూవ్, గెట్ చేయించాలి. ర్యాండమ్ వరుసకు మొదలైన సీడ్ సంఖ్యను ముందే నిర్ణయిస్తే తప్పు వచ్చిన వరుసను ఎన్నిసార్లైనా తిరిగి నడపొచ్చు. విలువలు రెండు మూడే ఉండాలి, లిస్ట్ చిన్నదిగా ఉండాలి. లక్ష నోడ్ల లిస్ట్‌లో చివరి నోడ్ తీసే సందర్భం అరుదు, రెండు నోడ్ల లిస్ట్‌లో సగం సార్లు వస్తుంది. ఒక్క నోడ్‌తో మాత్రమే టెస్ట్ చేసినా మన తప్పు దొరకదన్నది గమనించాలి. 10 చేర్చి, తీసేసి, 20 చేరిస్తే, చాలామంది రాసే యాడ్ ముందు హెడ్ నల్ కదా అని చూసి హెడ్, టెయిల్ రెండింటినీ కొత్తగా పెడుతుంది. పాత టెయిల్ తప్పు దానంతటదే మాసిపోతుంది. రెండు చేర్చి, రెండోది తీసేసి, ఇంకోటి చేర్చినప్పుడే బయటపడుతుంది.

రిమూవ్‌లో ఒక లైన్ చేర్చి ‘తీసేసింది టెయిలే అయితే ముందు నోడ్‌ను టెయిల్ చెయ్యి’ అంటే ఈ తప్పు పోతుంది. కానీ అలాంటి ప్రత్యేక సందర్భాలు హెడ్‌కి ఒకటి, టెయిల్‌కి ఒకటి, ఒక్క నోడ్ ఉన్నప్పుడు ఒకటి ఉంటాయి, ప్రతి కొత్త ఫంక్షన్‌లోనూ అన్నీ గుర్తుంచుకోవాలి. గుర్తుంచుకోవాల్సిన అవసరమే లేని నిర్మాణం ఒకటుంది. డేటా లేని ఒక డమ్మీ నోడ్‌ను శాశ్వతంగా ఉంచి, గొలుసును రెండు వైపులా లింకులతో వలయంగా దానికే కలిపేయడం. లినక్స్ కెర్నల్ లిస్టులు ఇలాంటివే. ఖాళీ లిస్ట్ అంటే డమ్మీ తనను తానే చూపించుకోవడం. మొదటి నోడ్ డమ్మీకి తర్వాతది, చివరి నోడ్ డమ్మీకి ముందుది. విడిగా హెడ్ లేదు, టెయిల్ లేదు కాబట్టి టెయిల్‌ను మరిచిపోవడమన్నదీ ఉండదు. తీసేయడమంటే పక్కనున్న రెండు నోడ్లను ఒకదానికొకటి కలపడం, రెండే లైన్లు, ఒక్క ఇఫ్ కూడా ఉండదు. తీసేసిన నోడ్ లింకుల్లో కెర్నల్ కావాలనే విషపు అడ్రసులు రాసిపెడుతుంది. తర్వాత ఎవరైనా పొరపాటున దాని మీద నడిస్తే వెంటనే కూలుతుంది, కూలిన అడ్రస్ చూడగానే సంగతి తెలిసిపోతుంది.

ప్రతి నోడ్‌కీ ఇంకో లింక్ అంటే మెమరీ వృథా కదా అన్న అభ్యంతరం ప్రతిసారీ వస్తుంది. లెక్క వేసి చూస్తే వేరే జవాబు వస్తుంది. జావా ప్రోగ్రాంలను నడిపే 64 బిట్ హాట్‌స్పాట్ జేవీఎం మామూలు సెట్టింగుల్లో ఆబ్జెక్ట్ హెడర్ 12 బైట్లు, డేటా రెఫరెన్స్ 4, నెక్స్ట్ 4, మొత్తం 20. ఆబ్జెక్టులు 8 గుణిజాల్లోనే ఉండాలి కాబట్టి ఎలాగూ 24 బైట్లు పోతాయి. ముందు నోడ్‌ను చూపించే ప్రీవ్‌ను చేరిస్తే సరిగ్గా 24. సీలో ఇంట్, నెక్స్ట్ ఉన్న నోడ్ 16 బైట్లు, ప్రీవ్ చేరిస్తే 24. లినక్స్‌లో సాధారణంగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీలోని మాలాక్ 64 బిట్‌లో ఈ రెండింటికీ ఇచ్చేది అదే 32 బైట్ల ముక్క.